ఇసుక ట్రేలో గురిగింజలు

నా డైరీల్లో ఒక పేజీని చూస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. పేజీ పైన పెన్సిల్‌తో "దవాఖానా" అని ఉంటుంది. అది మూడు వారాల ముందు రాసి పెట్టుకున్న గుర్తు. దాని కిందే, ఆ రోజు పొద్దున పెన్నుతో రాసిన వాక్యం: "ఆరో రోజు. మార్పు లేదు." రెండూ నా చేతిరాతే. పై మాట కంటపడకుండా కింది మాట రాయడం కుదరదు. కంటపడింది. అయినా రాశాను.

దవాఖానాకు పోవలసింది నేను కాదు, నా బామ్మర్ది. నా భార్యకు ఒక్కడే తమ్ముడు. మా ఇద్దరికీ పడదు. ఆ మాట దాచి ఈ సంగతి రాస్తే అబద్ధమవుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

నేను విత్తన పరీక్ష ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. రైతులు, కంపెనీలు పంపిన విత్తనాలను తడి ఇసుకలో పెట్టి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి కాగితం మీద రాయడం నా ఉద్యోగం. గడువు ముగిసిన రోజు గింజలు మూడు కుప్పలవుతాయి. మొలిచినవి ఒక కుప్ప. కుళ్లి చచ్చినవి ఒక కుప్ప. మూడో కుప్పను గట్టి గింజలంటాం. లోపల ప్రాణం ఉంటుంది, కానీ పైపొట్టు నీళ్లను లోపలికి రానివ్వదు. పెట్టిన రోజు ఎలా ఉన్నాయో చివరి రోజూ అలాగే ఉంటాయి. వాటిని మొలిచినవని రాయకూడదు, చచ్చినవని రాయకూడదు.

నా బామ్మర్దిది దుమ్ముగూడెం అవతల ఊరు. ఒక ఏడు వాడు ఒక కంపెనీకి వరి విత్తనం పండించాడు. ఆ బస్తాల నమూనా మా ల్యాబుకే వచ్చింది. ఎవరిదో తెలియకుండా నంబరు వేసి ఇస్తారు మాకు. నేను పరీక్షించాను, మొలక తక్కువ వచ్చింది, తక్కువ అని రాశాను. కంపెనీ వాడి సరుకు తిప్పి పంపింది. ఆ నంబరు వాడిదని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. తెలిసినా అదే రాసేవాణ్ని, ఆ మాట వాడి మొహం మీదే అన్నాను. అప్పటి నుంచి పెళ్లిలో కలిసినా, చావులో కలిసినా వాడి పలకరింపు ఒక్కటే: "ఏంది బావా, ఇయ్యాల ఎవరి విత్తనం చంపినవ్?"

రెండేళ్ల కింద వాడికి పెద్దపేగులో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ అయింది. తర్వాత మూడు వారాలకోసారి ఖమ్మం వెళ్లి కీమో ఎక్కించుకోవాలి, మొత్తం ఎనిమిది సార్లు అన్నారు. వాడి ఊరి నుంచి తెల్లారి బయలుదేరితే అందదు కాబట్టి ముందు రోజు భద్రాచలంలో మా ఇంట్లో ఉండి, పొద్దున మొదటి బస్సుకు పోయేవాడు. వాడి వెంట నేను వెళ్లేవాణ్ని, నా భార్య పొమ్మంటే. బస్సులో వాడొక సీటు, నేనొక సీటు.

మూడు సార్లు అలా అయ్యాయి. నాలుగోదానికి ఇంకా పది రోజులుందనగా అక్కను చూడాలని వచ్చాడు. నేను బజారు నుంచి వచ్చేసరికి నా అలమారా తలుపులు తెరిచి ఉన్నాయి. వాడు కింద కూర్చుని నా పాత డైరీ ఒకటి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎవరిని అడిగి తీసినవ్?" అన్నాను.

"అక్కను అడిగిన. బావ నన్ను ఎక్కడెక్కడ తిట్టి రాసిండో చూస్త అన్న. చూస్తుంటే ఇది దొరికింది." పేజీ నా వైపు తిప్పాడు. పత్రిక కట్టింగు ఒకటి అంటించి ఉంది. గురిగింజలో ఉండే ఒక ప్రోటీన్ క్యాన్సర్ కణాలను చంపుతుందని వార్త. కింద ఎర్ర సిరాతో నా రాత: "మంచి విషయం. మన అడవి గింజ."

"నేను ఆ గింజలే మింగుతున్న బావా," అన్నాడు వాడు. "రోజుకు రెండు. ఇరవై రోజులాయె. మణుగూరు కాడ ఒకాయన శుద్ధి చేసి ఇస్తడు. నీకు చెప్తె నవ్వుతవని చెప్పలే. గిప్పుడు సూడు, నీ డైరీలనే ఉన్నది."

నా నోట్లోంచి వచ్చిందంతా అరుపే. "అది విషంరా! ఒక్క గింజ నలిగి లోపలికి పోతే మనిషి దక్కడు."

"ఇరవై దినాలసంది నేను చచ్చిన్నా మరి? నీ ముంగట కూసున్నది ఎవరు, దయ్యమా?"

"గింజ పొట్టు గట్టిది కాబట్టి వచ్చింది వచ్చినట్టు బయటికి పోతున్నది. నీ అదృష్టం, ఒక్కటీ పగల్లే."

"మరి ఇది ఎందుకు అంటించినవ్? ఎర్ర సిరాతోటి గీత గీసి మరీ? నీకు మంచిది, నాకు విషమా?"

దానికి నా దగ్గర జవాబు ఉంది, రుజువు లేదు. నా డైరీ చిన్నది. కట్టింగు పేజీ దాటి బయటికి రావడం నాకు నచ్చదు. అందుకని ఏది అంటించినా పేజీకి సరిపోయేలా కింది భాగం కత్తిరించి పారేస్తాను. నలభై ఏళ్ల అలవాటు. ఈ వార్తకు కూడా కింద నాలుగైదు వరుసలు ఉండేవని నాకు గుర్తు. ఇదంతా గాజు పాత్రలో పెంచిన కణాల మీద చూసిందే, గింజను నేరుగా తింటే ప్రాణం పోతుంది అని ఆ వరుసల్లో ఉంది. పత్రికల వాళ్ల బుద్ధి అది. ఆశ పెట్టే ముక్క పైన పెద్ద అక్షరాల్లో వేస్తారు, ప్రాణం కాపాడే ముక్క అడుగున. ఆ అడుగు ముక్కనే నేను కత్తెరతో కత్తిరించాను, అంచు చక్కగా రావాలని.

ఆ మాట చెప్పాను. వాడు పగలబడి నవ్వాడు. "ఉన్నదట, కత్తిరించిండట. అక్కా, విన్నవా?"

వాడికి అర్థమయ్యేలా చెప్పాలని చూశాను. ఆ ప్రోటీన్ కణంలోకి దూరి, కణం తనకు కావలసింది తయారు చేసుకునే పనిని ఆపేస్తుంది. క్యాన్సర్ కణాన్ని ఆపుతుంది, నిజం. గుండె కణాన్నీ, కాలేయం కణాన్నీ అలాగే ఆపుతుంది. ఏది శత్రువో దానికి తెలియదు. తెలిసేలా చేయగలమా అనేదే శాస్త్రవేత్తల తంటా. గురిగింజే కాదు, ఆముదం గింజ మీద, కాకర గింజ మీద కూడా ఇలాంటి పనే చేస్తున్నారు. అది మందు అయ్యే రోజు రావచ్చు. ఇవాళ కాదు. మణుగూరు రోడ్డు పక్క షెడ్డులో అసలే కాదు.

"నీకు ఏది మొలుస్తదో ఏది మొలవదో అంతే తెలుసు బావా," అన్నాడు. "క్యాన్సర్ సంగతి నీకేం ఎరుక?"

మర్నాడు మణుగూరు వెళ్లాను. కాలనీకి పోయే దారిలో రేకుల షెడ్డు, లోపల సీసాలు, వేర్ల కట్టలు. అతను బొగ్గుబావిలో పనిచేసి దిగిపోయిన మనిషి, నా వయసువాడే. ఇస్త్రీ చొక్కా. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది.

"శుద్ధి అంటే ఏం చేస్తారు?" అడిగాను.

"ఆవుపాలలో మూడు పూటలు ఉడికిస్తం సార్. విషమంతా దిగిపోతది, గుణం మిగుల్తది."

"ఉడికిస్తే ప్రోటీన్ గుడ్డు తెల్లసొన లెక్క గడ్డ కడుతుంది. విషం, గుణం అని అందులో రెండు లేవు. ఉన్నది ఒకటే. పోతే రెండూ పోతాయి."

అతను నవ్వాడు. "సార్ చదువుకున్నోళ్లు. గింజకు చదువు లేదు గదా." ఒక పొట్లంలో నూరు గింజలు కట్టి ఇచ్చాడు. ఎర్రగా, ఒక కొసన నల్ల మచ్చతో, దుకాణంలో కొత్తగా కొన్న పూసల్లాగా మెరుస్తున్నాయి. పాలలో మూడు పూటలు ఉడికిన గింజ మెరుపు అలా ఉండదు. నాకు అప్పుడే తెలుసు.

వచ్చేటప్పుడు అంగడిలో చింతపండు అమ్మే ఒక కోయ ముసలమ్మ మెడలో అవే గింజల దండ కనిపించింది. ఇవి తింటారా అని అడిగాను. ఆమె నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "దండ గుచ్చుకుంటం. నోట్లె ఎవడు పెడ్తడు?"

అక్కడితో ఆగి, బామ్మర్ది చెయ్యి పట్టుకుని దవాఖానాకు తీసుకుపోయి ఉంటే సరిపోయేది. నేను ఆగలేదు. వాడు నన్ను అన్న మాట, నీకు ఏది మొలుస్తదో అంతే తెలుసు అన్నది, పంటి కింద రాయిలాగా ఉంది. సరే, మొలకతోనే చూపిస్తాను అనుకున్నాను.

వాడి ఊరికి పోయి పందెం లాగా చెప్పాను. "ఉడికిన గింజ మొలవదు. ఇది నువ్వూ ఒప్పుకుంటవ్. ఈ నూరు గింజలు ఇసుకలో పెడత. మొలిస్తే వాడు ఉడకబెట్టలేదు, నువ్వు మింగేది పచ్చి విషం. మొలవకపోతే ఉడికింది, దాంట్లో విషం లేదు, మందూ లేదు, నువ్వు మింగేది ఉడికిన పప్పు. ఎట్లయినా నువ్వు మానాలె."

వాడు చాలాసేపు లెక్క వేసుకున్నాడు. "గింజను గీకొద్దు," అన్నాడు. "అప్పుడు నా వడ్లు ఏం జేసినవో నాకు తెల్వదు. నేను మింగినట్టే, ఉన్నది ఉన్నట్టు పెట్టు. పద్నాలుగు దినాలు చూడు. నువ్వు చెప్పినట్టు తేలితే మాట వింట."

గురిగింజను గీకకుండా ఇసుకలో పెడితే అది నీళ్లు తాగదని ల్యాబులో తుడిచే మనిషికి కూడా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. కానీ వాడి నోటితో మాట వింట అనిపించుకోవాలన్న ఆశ నన్ను తినేసింది. నూట్లో ఏ నాలుగో ఐదో పొట్టు పలచనివి ఉంటాయి, మొలుస్తాయి అనుకున్నాను. ఒప్పుకున్నాను.

ఇసుక జల్లెడ పట్టి, కడిగి, కాల్చి, ట్రేలో పోసి, పదేసి చొప్పున పది వరుసలు పెట్టాను. రిటైరయ్యాక అంత ఉత్సాహంగా ఏ పనీ చేయలేదు. నా భార్య గుమ్మంలో నిలబడి చూసింది.

"వాడు దవాఖానాకు పోయే తారీఖు బుధవారం," అంది.

"రాసి పెట్టుకున్న."

"రాసి పెట్టుకున్నరు. మరి ఈ ట్రే ఎన్ని రోజులు?"

"పద్నాలుగు."

"మీకు లెక్కలు వచ్చు గదా," అని లోపలికి పోయింది.

బుధవారం ఆరో రోజు. వాడు రాలేదు. ఫోన్ చేస్తే, "పరీక్ష నడుస్తున్నది గద బావా, తేలనీ," అన్నాడు. ఆ గొంతులో ఒక సుఖం వినిపించింది నాకు. పోకుండా ఉండటానికి వాడికి ఒక సాకు కావాలి, ఆ సాకు నేను ఇసుకలో పెట్టి, నీళ్లు చల్లి మరీ ఇచ్చాను. అప్పుడైనా బస్సెక్కి వెళ్లి వాణ్ని లాక్కు పోవచ్చు. పద్నాలుగు రోజులు కాకముందే ట్రే కదిలిస్తే పరీక్ష చెల్లదని ఊరుకున్నాను. డైరీలో ఆరో రోజు అని రాసింది అప్పుడే.

పద్నాలుగో రోజు వాడు వచ్చాడు. ఇసుక తోడాను. నూరు గింజలు. ఒక్కటి ఉబ్బలేదు, ఒక్కటి కుళ్లలేదు. కడిగితే పొట్లంలోంచి అప్పుడే తీసినట్టు మెరిశాయి. నూటికి నూరూ గట్టి గింజలు. మూడు కుప్పల్లో మూడోది.

"మొలవలే," అన్నాడు వాడు, చెయ్యి తిప్పుతూ. "అంటే శుద్ధి అయినట్టే."

"ఉడికిన గింజ ఇన్ని రోజులు తడిలో ఉంటే కుళ్లి మెత్తబడాలె. ఇది నీళ్లే తాగలేదు. మొలక లెక్కల మాత్రం ఇది ఏమీ చెప్పలే."

"నూరు గింజలు పెట్టి పద్నాలుగు దినాలు చూసి ఏమీ చెప్పలే అంటవా? నా వడ్లకైతే ఏడు దినాలకే చెప్పినవ్." లేచాడు. "ఇగ గింజలు బంద్. ఆయన పొడి ఇచ్చిండు. ఈ ఆదివారం కాదు, అమావాస్య పోయినంక వచ్చే ఆదివారం నుంచి పాలల్ల కలుపుకొని తాగాలె."

పొడి. ఇన్నాళ్లూ వాణ్ని కాపాడింది ఆ పొట్టు ఒక్కటే. నా పరీక్షను పాడు చేసిన పొట్టే వాడి ప్రాణం కాచింది. పొడిలో అది ఉండదు.

వాడి ఎదుటే పది గింజలు తీసి, గరుకు కాగితంతో పొట్టు గీకి, మళ్లీ ఇసుకలో పెట్టాను. "ఆదివారం లోపల చూపిస్త," అన్నాను. వాడు వెనక్కి చూడకుండా పోయాడు.

నా భార్య అప్పటికే సంచిలో రెండు చీరలు సర్దుతున్నది. "మీరు మీ ఇసుక దగ్గర ఉండండి. నేను పోయి వాడింట్ల కూసుంట. మీ ఇద్దరి పంతంల నా తమ్ముడు పోయేటట్టున్నడు."

తొమ్మిదో రోజు, శనివారం పొద్దునకు, ఏడు గింజలు మొలిచాయి. తెల్లటి మొలకలు ఇసుకను పగలగొట్టుకుని వచ్చాయి. ట్రేను తువాలలో కట్టుకుని దుమ్ముగూడెం బస్సెక్కాను. కుదుపులకు ఇసుక ఒలికి పక్కనావిడ చీర మీద పడింది, ఆమె తిట్టింది, నాకు పట్టలేదు. గెలిచాను అనే అనుకున్నాను, సిగ్గు లేకుండా.

వాడు వసారాలో మంచం మీద ఉన్నాడు. నా భార్య పక్కన కూర్చుని వాడి అరచేతులు రుద్దుతున్నది. ట్రే వాడి ముందు పెట్టి తువాలు తీశాను. వాడు వంగి చూశాడు. ఒక మొలకను వేలితో తాకాడు. రైతు కదా, ఆ తాకడం వేరు.

"గెలిచినవ్ బావా. సంతోషమా?" అన్నాడు.

"ఆ పొడి ఏది?"

నా భార్య కొంగు ముడి విప్పి పొట్లం నా చేతిలో పెట్టింది. "వచ్చిన నాడే తీసుకున్న. సోమవారం వాడు ఖమ్మం వస్తడు. ఒప్పుకున్నడు."

"ఎట్ల ఒప్పుకున్నడు?" మొలకలు చూడకముందే ఎలా ఒప్పుకున్నాడనేది నాకు మింగుడుపడలేదు.

"ఎందుకు పోవంటవురా అని అడిగిన. అంతే." ఆమె వాడి చేతులు చూపించింది. "కీమో ఎక్కించుకున్నంక చల్లటి నీళ్లు ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టు ఉంటదట. వేళ్లు తిమ్మిరి. గుండీ పెట్టుకోరాదు, అన్నం ముద్ద జారిపోతది. మూడోసారి అయిన కాడికెల్లి నాగలి పిడి పట్టరాక ఏడ్చిండట. డాక్టరమ్మకు చెప్పినవా అంటే, మొగోణ్ని చేతులు నొస్తున్నయని ఏం చెప్పాలె అన్నడు. చెప్తె మందు తక్కువ చేస్తరు కదరా పిచ్చోడా అన్న."

నేను మూడు సార్లు వాడితో బస్సులో ఖమ్మం పోయి వచ్చాను. పోయిన టైము, వచ్చిన టైము, ఎక్కించిన సీసాలు అన్నీ నా డైరీలో ఉన్నాయి. ఒక్కసారి కూడా నీకు ఎలా ఉందని అడగలేదు. గింజల గురించి మాత్రం గంటలు గంటలు అడిగాను.

మా పెరట్లో లోతుగా గుంట తీసి ఆ పొడిని, మిగిలిన గింజలను, మొలకలను కూడా పూడ్చి, పైన రాళ్లు పెట్టాను. మణుగూరు మనిషి మీద ఫిర్యాదు రాశాను, పేజీలకు పేజీలు. వారం రోజులు షెడ్డు మూశాడు. తర్వాత వేరే రంగు బోర్డుతో తెరిచాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆ దారిన బస్సు పోతుంటే నేను అటు వైపు చూసి పళ్లు కొరుక్కుంటాను. అంతకన్నా ఏమీ చేయలేకపోయాను.

సోమవారం ఖమ్మంలో డాక్టరమ్మ ఫైలు చూసి కోపంగా అడిగింది. "రావలసిన తేదీ దాటి మూడు వారాలు కావస్తోంది. ఎక్కడికి పోయారు?"

వాడు నా వైపు చెయ్యి చూపించాడు. "మా బావ పరీక్ష పెట్టిండు మేడం. అది తేలేదాక ఆగిన."

ఆమె నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. నేను తల వంచుకున్నాను. వాడు చేతుల సంగతి చెప్పాడు. ఆమె వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసి, ఇది మొదటే చెప్పాల్సింది అని మందు మోతాదు తగ్గించింది. నేను అడగకుండా ఉండలేకపోయాను, ఈ ఆలస్యం వల్ల ఏమైనా నష్టం జరిగిందా అని. "అది ఎవరూ చెప్పలేరు," అంది. మంచి జవాబు ఆశించిన వాడికి అంతకన్నా కఠినమైన మాట లేదు. మొలిచిందని రాయలేను, చచ్చిందని రాయలేను.

మిగతా విడతలు అన్నీ అయ్యాయి. ఇప్పుడు కొన్ని నెలలకోసారి పరీక్షలకు పోతాం. ఇప్పటికైతే ఏమీ లేదంటున్నారు, ఇప్పటికైతే అనే మాట మాత్రం వదలరు. మా ఇద్దరి మధ్య ఏమీ చక్కబడలేదు. బస్సులో వాడొక సీటు, నేనొక సీటు. కాకపోతే దిగగానే చేతులు ఎట్లున్నయని అడుగుతాను. నీకెందుకు అంటాడు. తర్వాత చెబుతాడు.

ఆ సోమవారం సీసా ఎక్కించడం అయ్యాక బయట బల్ల మీద కూర్చున్నాం. తర్వాతి తారీఖు చీటీ మీద ఇచ్చారు. నేను డైరీ తెరిచి పెన్సిల్ తీశాను. వాడు డైరీ నా ఒళ్లోంచి, పెన్ను నా జేబులోంచి లాక్కున్నాడు.

"నువ్వు రాస్తె నువ్వే చదువవు," అన్నాడు.

తిమ్మిరెక్కిన వేళ్లతో పెన్ను గుప్పిట్లో కర్ర పట్టినట్టు పట్టుకుని, ఆ తారీఖు పేజీ తీసి, గీతలు దాటి, పేజీ నిండా పెద్ద అక్షరాలతో రాశాడు: దవాఖానా. ఆ రోజు నేను ఇంకేమీ రాయడానికి జాగా మిగల్చలేదు.